ఓడను లాగబోయిన మునిచంద్ర

బంగారుపాళ్యం దగ్గర హైవే మీద లారీ బోల్తా పడితే డ్రైవరు మొదట దేవుణ్ణి తలుచుకుంటాడు. తర్వాత ఓనరును తలుచుకుంటాడు. ఆ తర్వాత మునిచంద్రకు ఫోన్ చేస్తాడు. ఈ ముగ్గురిలో వచ్చేది మునిచంద్ర ఒక్కడే.

మునిచంద్రకు ఒక క్రేను ఉంది. మిలిటరీవాళ్లు వద్దనుకున్న లారీ మీద బిగించిన ఎర్ర క్రేను. దాని పొడవాటి చెయ్యి మీద పసుపు రంగుతో "ఏ బండి పడినా పిలవండి" అని రాయించాడు. పక్కనే తన ఫోన్ నంబరు. ఆయనకు పొలం లేదు, కొట్టు లేదు. ఉన్నదంతా ఆ క్రేనే. పొద్దున లేవగానే ముందు దాని అద్దం తుడిచి, ఆ తర్వాత తన ముఖం కడుక్కుంటాడు. అది చూసి భార్య లోకేశ్వరి దానికి సవితి అని పేరు పెట్టింది.

లోకేశ్వరిది నగరి. నేతపనివాళ్ల ఇంట్లో పుట్టింది. దారం వృథా చేయకూడదని పెరిగిన మనిషి కాబట్టి మాట కూడా వృథా చేయదు. పెళ్లయిన నాటినుంచి మొగుణ్ణి ఒక్కసారి కూడా తిట్టలేదు. ఆ ఇంట్లో తిట్టే పని మునిచంద్రది. అది కూడా ఇంట్లో కాదు, రోడ్డు మీద.

తిట్టడం ఆయన పనిలో భాగం. మొదటిసారి ఒక టమాటా లారీని లేపడానికి పోయినప్పుడు, దాని డ్రైవరు రోడ్డు పక్కన తల పట్టుకుని కూర్చుని ఏడుస్తున్నాడు. ఏం చెప్పి ఓదార్చాలో మునిచంద్రకు తెలియలేదు. తెలియక తిట్టాడు. డ్రైవరుకు కోపం వచ్చింది. కోపంలో లేచి నిలబడ్డాడు, పోయి సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. లారీ ఒక్క ఊపుతో లేచింది. ఆ రోజునుంచి మునిచంద్ర రెండు నియమాలు పెట్టుకున్నాడు. లాగేటప్పుడు సీట్లో మనిషి ఉండాలి. మనిషి లేని బండిని లాగితే పీనుగను లాగినట్టే. రెండోది, ఇనుప తాడు తగిలించే ముందు ఆ మనిషిని తిట్టాలి. తిట్టకపోతే బండి కదలదు.

తిట్లు ఊరికే నోటికొచ్చినట్టు ఉండవు. బండి వేగంతో మొదలై, టైర్లు, బ్రేకులు చూసుకుని, డ్రైవరుకు లైసెన్సు ఇచ్చినవాడి మీదుగా, పిల్లనిచ్చిన మామ దాకా పోతాయి. డ్రైవర్లు వాటికి అలవాటు పడ్డారు. ఒకసారి మునిచంద్రకు గొంతు పూడి తిట్లు తగ్గాయి. సేలం డ్రైవరొకడు నొచ్చుకున్నాడు. మా వాళ్లందరినీ బాగా తిట్టావు, నన్నెందుకు తక్కువ చేశావు అని అడిగి, మిగిలినవి కూడా తిట్టించుకున్న తర్వాతే సీట్లో కూర్చున్నాడు.

మునిచంద్ర ఎన్ని బండ్లను లాగాడో ఆయనకే లెక్క లేదు. ఆయన బండిని మాత్రం ఎవరూ లాగలేదు. దారిలో ఎవరైనా పలకరిస్తే ఆ మాట ఏదో ఒక విధంగా వచ్చేది.

ఊళ్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ధనశేఖర్‌ది. పోయిన సంవత్సరం ఎవరో ఆయనకు తెరచాప ఓడల సంగతి చెప్పారు. తూత్తుకుడివాళ్ల దగ్గర ఇంకా కొయ్య ఓడలు ఉన్నాయనీ, ఇంజను ఉన్నా అవి ఎక్కువగా గాలికే పోతాయనీ, గాలికి డీజిలు పోయనక్కర్లేదనీ. ధనశేఖర్‌కు ఆ చివరి మాట నచ్చింది. తిరుపతి జిల్లాకు తూర్పు కొసన, సూళ్లూరుపేట దాటి పోతే వచ్చే కొత్తరేవు అనే చిన్న రేవులో ఒక ఓడకు గుజ్జు డ్రమ్ములు ఎక్కించాడు. మాల్దీవులకు పోవాలి. ఓడ రేవు వాకిలి దాకా పోయింది. అక్కడ ఇంజను ఆగింది. తెరచాప ఎత్తేలోపల గాలి ఓడను పక్కకు నెట్టి, వాకిలికి దక్షిణంగా ఉన్న ఇసుక దిబ్బ మీద కూర్చోబెట్టింది.

బండి ఇరుక్కుంది అనగానే ధనశేఖర్ చెయ్యి అలవాటు ప్రకారం మునిచంద్ర నంబరు నొక్కింది.

"అది బండి కాదు గదా అప్పా, ఓడ గదా," అన్నాడు మునిచంద్ర.

"సరుకు మోసేదంతా బండే. నువ్వు రా అన్నా."

అది కూడా నిజమే అనిపించింది మునిచంద్రకు. బయలుదేరేటప్పుడు లోకేశ్వరి సద్దిమూట క్రేనులో పెట్టి, ఒక్క మాట అంది.

"సవితిని ఇసకలోకి దించొద్దు."

"నాకు తెలీదా," అన్నాడాయన. దించనని మాత్రం చెప్పకుండా పోయాడు.

క్రేను నడక మెల్లగా ఉంటుంది. చిత్తూరు, తిరుపతి, కాళహస్తి దాటి, ముందు ధనశేఖర్ కారు, వెనక ఈయన, సాయంత్రానికి సముద్రం కనిపించే చోటికి చేరారు. మునిచంద్ర సముద్రాన్ని అంతవరకు చూడలేదు. చూడగానే బ్రేకు తొక్కాడు. అంత వెడల్పు, ఎక్కడా ఒక మైలురాయి లేదు. రోడ్డు అయిపోయింది అనుకున్నాడు.

మరునాడు పొద్దున రేవుకు పోయారు. చిన్న రేవు. సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాళ్ల గట్టు, దాని కొసన రేవు వాకిలి. గట్టు మొదట్లో పడవలు కట్టే ఇనుప స్తంభాలు. గట్టుకు దక్షిణంగా, ఒడ్డునుంచి కేకేస్తే వినిపించేంత దూరంలో, నడుము లోతు నీళ్లలో ఓడ ఒక పక్కకు ఒరిగి ఉంది. రెండు కొయ్య స్తంభాలు, చుట్టిపెట్టిన తెరచాపలు, ఆరేసిన లుంగీలు.

ఓడ నడిపే తండేలు పేరు అంతోణి. తూత్తుకుడి మనిషి, తల నెరిసింది. నీళ్లలో నడుచుకుంటూ వచ్చి నమస్కారం పెట్టాడు. తమిళంలో మాట్లాడాడు. హైవే మీద సగం లారీలు తమిళం మాట్లాడేవే కాబట్టి మునిచంద్రకు ఇబ్బంది లేదు.

మునిచంద్ర జేబులోంచి నిమ్మకాయలు తీశాడు. లాగే ముందు టైర్ల కింద పెట్టడం పద్ధతి. ఓడ చుట్టూ నడుము దాకా తడుపుకుంటూ తిరిగి చూసి, టైర్లు లేవు కాబట్టి నిమ్మకాయలను మళ్లీ జేబులో వేసుకున్నాడు. తర్వాత తండేలును ఎదురుగా నిలబెట్టి మొదలుపెట్టాడు.

"ఇంత వెడల్పు రోడ్డు నా జన్మలో సూళ్లేదు. ఎదురుగా బండి లేదు, ఎనక బండి లేదు, పక్కన కాలవ లేదు, గేదె అడ్డం రాల్యా. యాడ సూస్తా నడిపినావు అప్పా? నీకు ఓడ ఇచ్చినోడెవురు? నీకు పిల్లనిచ్చినోడెవురు?"

అంతోణి చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు. విని, న్యాయమేనన్నాడు. తర్వాత తన ఆలోచన చెప్పాడు. డ్రమ్ములు కొన్ని పడవల్లోకి దించి ఓడ బరువు తగ్గించాలి. లంగరును పడవలో తీసుకుపోయి సముద్రం వైపు లోతులో వేయాలి. అమావాస్య పోటుకు నీళ్లు పెరుగుతాయి. అప్పుడు ఓడలోనుంచే లంగరు తాడును చుట్టుకుంటూ పోతే ఓడ దానంతటదే లోతుకు జరుగుతుంది. తొందర లేదు.

అమావాస్య దాకా బండి పడి ఉండటం మునిచంద్రకు నచ్చలేదు. పడిన బండి పక్కన రాత్రి నిద్రపోవడం ఆయన ఎరగడు. క్రేను ఒడ్డున గట్టి నేల మీద నిలిపి, ఇనుప తాడు లాక్కుపోయి ఓడ ముక్కుకు తగిలించాడు. నియమం ప్రకారం తండేలును చుక్కాని దగ్గర కూర్చోమన్నాడు. తండేలు ఏదో చెప్పబోయి, పెద్దమనిషి కదా అని కూర్చున్నాడు.

తాడు బిగిసింది. ఓడ కదల్లేదు. తాడు దూరం ఎక్కువైంది, ఇంకొంచెం దగ్గరికి పోతే బలం వస్తుంది అనుకున్నాడు మునిచంద్ర. లోకేశ్వరి మాట గుర్తొచ్చింది. ఇది తడి ఇసుక, గట్టిగానే ఉంది, దీన్ని ఇసుక అనరు, నేల అనే అంటారు అని తనకు తాను చెప్పుకున్నాడు. క్రేను ముందుకు పోయి నీళ్ల అంచున నిలబడింది. మళ్లీ లాగాడు. ఈసారి ఓడ ముక్కు బెత్తెడు ఒడ్డు వైపు తిరిగింది. ధనశేఖర్ చప్పట్లు కొట్టాడు.

చుక్కాని దగ్గరనుంచి తండేలు అడిగాడు.

"అన్నా, ఓడను బంగారుపాళ్యం తీసుకపోతావా?"

మునిచంద్ర చెయ్యి ఆగింది. హైవే మీద ఏ బండి పడినా అది రోడ్డు దిగి పడుతుంది. ఆయన రోడ్డు మీద నిలబడి తన వైపు లాగుతాడు. ఇన్నేళ్లుగా అదే పని. ఓడకు రోడ్డు అవతల, నీళ్లలో ఉంది. తాను నిలబడ్డ చోటే ఓడకు గుంత. ఆ సంగతి అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది. ఆ కాసేపట్లో క్రేను వెనక చక్రాలు ఇరుసు దాకా దిగాయి. ఇంజను రేపాడు. ఇంకా దిగాయి. ఓడ రాలేదు, క్రేనే ఓడ వైపుకు మూరెడు జరిగింది.

తాడు విప్పించాడు. పార తీసుకుని తవ్వాడు. తవ్విన గుంతను అల వచ్చి పూడ్చింది. కొబ్బరి మట్టలు వేశాడు. అల వాటిని తీసుకుపోయి కొంచెం అవతల పెట్టింది. నీళ్లు పెరుగుతున్నాయని అంతోణి చెప్పాడు. సాయంత్రం పోటుకు సీటు దాకా వస్తాయట. ఉప్పునీళ్లు ఇంజనులోకి పోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. మునిచంద్రకు తెలుసు. క్రేను ఇక్కడే తుప్పు పట్టి, పిల్లలు ఎక్కి ఆడుకునే సామాను అవుతుంది. తాను ఇంటికి బస్సులో పోవాలి.

ఒడ్డున ఎండుచేపలు ఆరబెట్టే చంద్రకాంతమ్మ ఇదంతా చూస్తూ ఉంది. జాలిపడింది. క్రేను చెయ్యి మీద పసుపు అక్షరాలు కూడబలుక్కుని చదివి, ఫోన్ తీసి ఆ నంబరు నొక్కింది. మునిచంద్ర జేబులో ఫోన్ మోగింది.

"హలో, ఎవురు?"

"అయ్యా, కొత్తరేవు కాడ ఎవురిదో క్రేను ఇసకలో దిగబడిపోయిండాది. పాపం పెద్దాయన ఒక్కడే అగచాట్లు పడతన్నాడు. బిరీన రండయ్యా."

మునిచంద్ర తల తిప్పి చూశాడు. చేపల దగ్గర నిలబడి ఒకామె ఫోన్ చెవిన పెట్టుకుని ఆయన వైపే చూస్తోంది.

"వచ్చినానమ్మా," అన్నాడాయన. "ఈడనే ఉండాను."

ఇక మిగిలింది చిత్తూరు అమానుల్లా. ఆయనకూ ఒక క్రేను ఉంది, హైవేలో ఆ సగం ఆయనది, ఈ సగం ఈయనది. అమానుల్లా వస్తాడు, కాదనడు. కానీ వచ్చేసరికి రాత్రవుతుంది, తెల్లారేసరికి పలమనేరునుంచి పుత్తూరు దాకా ప్రతి పంక్చరు షాపుకూ తెలుస్తుంది. మునిచంద్ర నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాడు. వెంటనే అటునుంచి వచ్చింది.

"ఏం నా, ఫోన్ సేసినావు?"

"ఏంలే అమానుల్లా. ఊరికే. బాగుండావా?"

"బాగుండా. ఏందినా ఆ హోరు?"

"టీవీ," అన్నాడు మునిచంద్ర.

అంతోణి వచ్చి ఆయన పక్కన ఇసుకలో కూర్చున్నాడు. ఓడలో లంగరు ఎత్తే రాట్నం ఉందన్నాడు. నిలువు దుంగ. దానికి కర్రలు దూర్చి మనుషులు చుట్టూ తిరుగుతూ తోస్తే తాడు చుట్టుకుంటుంది. ఓడ ఎటూ కదిలే స్థితిలో లేదు కాబట్టి గుంజలాగా గట్టిగా ఉంది. దానితో క్రేనును లాగుదాం అన్నాడు.

మునిచంద్ర ఓడ వైపు చూశాడు. క్రేను వైపు చూశాడు.

"నా బండిని తూత్తుకుడి తీసుకపోతావా?"

అంతోణి నవ్వాడు. ఆ సంగతి తాను ముందే ఆలోచించానన్నాడు. రాళ్ల గట్టు మొదట్లో ఇనుప స్తంభానికి కప్పీ కట్టి, ఓడ తాడును దాని మీదుగా తిప్పి క్రేనుకు వెనకనుంచి తగిలిస్తారు. ఓడలో చుట్టినకొద్దీ క్రేను స్తంభం వైపు, గట్టి నేల వైపు వస్తుంది.

మునిచంద్రకు పద్ధతి నచ్చింది. తనను లాగించుకోవడం నచ్చలేదు. కానీ నీళ్లు చక్రాల్లోకి వచ్చాయి. పంచె పైకి కట్టి, పోయి సీట్లో కూర్చున్నాడు.

ఓడలో మనుషులు కర్రలు పట్టి తోశారు. తాడు నీళ్లలోనుంచి లేచి బిగిసి మూలిగింది. క్రేను కదల్లేదు. మళ్లీ తోశారు. కదల్లేదు. మునిచంద్ర చెయ్యెత్తి ఆపాడు.

"ఎట్ల కదులుతాది? నన్నెవురూ తిట్టల్యా."

అంతోణి అర్థం చేసుకున్నాడు. ఎదురుగా వచ్చి నిలబడి గొంతు సవరించుకున్నాడు. కాసేపు ఆలోచించి, నువ్వు కొంచెం తొందరపడ్డావన్నా అన్నాడు. అంతకంటే ముందుకు పోలేకపోయాడు. ధనశేఖర్ ఉత్సాహంగా ముందుకొచ్చాడు గానీ, ఓడకు గుజ్జు ఎక్కించినోడివి, నీకు నన్ను తిట్టే హక్కు లేదని మునిచంద్ర ఆయన్ని పక్కకు పొమ్మన్నాడు. చంద్రకాంతమ్మను అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ముక్కూ మొగం తెలీని మనిసిని ఏమని తిట్టేది? నీ సంగతి తెలిసినోళ్లుంటే పిలిపిచ్చుకో అయ్యా."

మునిచంద్ర సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఇసుకలోకి దించొద్దని ఆ మనిషే చెప్పింది. ఒక అల వచ్చి సీటు కింది మెట్టును తడిపి పోయింది. ఫోన్ తీశాడు.

చెప్పాల్సింది చెప్పాడు.

"ఎంతసేపు తిట్టాల?" అంది లోకేశ్వరి.

"కదిలేదాకా."

"ఉండు, పొయ్యి ఆపేసి వస్తా."

అంతోణి ఫోన్ స్పీకరులో పెట్టి, చేపలు అమ్మేటప్పుడు చంద్రకాంతమ్మ వాడే మైకు ముందు పట్టుకున్నాడు. ఒడ్డునుంచి ఓడ దాకా వినిపించింది. మొదట గొంతు మెల్లగా ఉంది. మగ్గం మొదలయ్యేటప్పుడు చప్పుడు అలాగే ఉంటుంది.

"వాకిట్లో కొళాయి కారతాండాది, బాగు సేయించమని సెప్తి. ఇంటివా?"

"ఇన్లేదు," అన్నాడు మునిచంద్ర సీట్లోనుంచి.

"మా సెల్లెలి పెండ్లికి ముందురోజే పోదామంటి. ఇంటివా?"

"ఇన్లేదు."

"తిరపతి నించి వస్తా ఒక మంచి దువ్వెన తెమ్మంటి. ఊరోళ్ల బండ్లన్నీ లేపితివి, ఒక్క దువ్వెన ఎత్తకరాలేకపోతివి. ఇంటివా?"

ఓడలో మనుషులకు తెలుగు రాదు. కానీ తోసేవాళ్లకు ఒక పదం కావాలి. ప్రతి మాట చివరా ఆ పదం ఒకే చోట వచ్చి పడుతోంది. నాలుగోసారి వాళ్లు కూడా అందుకున్నారు.

"దాన్ని ఇసకలోకి దించొద్దని సెప్తి."

"ఇంటివా!" అన్నారు ఓడంతా, కర్రల మీద ఛాతీ ఆనించి.

"నాకు తెలీదా అంటివి."

"ఇంటివా!"

క్రేను వణికింది. ఇసుక వదిలినప్పుడు నీళ్లలో పెద్ద గుటక మింగినట్టు చప్పుడైంది. వెనక చక్రాలు పైకొచ్చాయి. మునిచంద్ర స్టీరింగు నిటారుగా పట్టుకుని వెనక్కి వెనక్కి వచ్చి, స్తంభం పక్కన గట్టి నేల మీద ఆగాడు. సీట్లోనుంచి దిగకుండానే ఫోన్ అడిగి తీసుకున్నాడు.

"సాలు మే. కదిలింది."

"నేనింకా సెప్పేది ఉండాది," అంది లోకేశ్వరి. చెప్పింది. స్పీకరు ఆపడం ఆయనకు చేతకాలేదు కాబట్టి అందరూ విన్నారు. అంతా అయిపోయాక అడిగింది.

"సవితికి దెబ్బేం తగల్లేదు గదా?"

"లేదు."

ఆమె ఫోన్ పెట్టేసింది.

మునిచంద్ర వెంటనే తిరిగి పోలేదు. అమావాస్య దాకా ఉన్నాడు. క్రేనును గట్టి నేల దాటించకుండా, డ్రమ్ములను పడవల్లోనుంచి ఒడ్డుకు ఎత్తాడు. అమావాస్య పొద్దున పోటు బాగా వచ్చింది. ఆయన కూడా ఓడ ఎక్కి కర్ర పట్టుకున్నాడు. తోసే ముందు అంతోణి ఎదురుగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తిట్టమన్నాడు. మునిచంద్ర నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. జాగ్రత్తగా పో అప్పా అన్నాడు, అది తిట్టు కాదని ఇద్దరికీ తెలుసు. ఆ లోటు ఓడలో మనుషులే తీర్చారు. "ఇంటివా" అంటూ తోశారు. ఓడ నిటారుగా లేచింది, నెమ్మదిగా తన రోడ్డు మీదికి పోయింది. ఆ మాట వాళ్లకు ఎంత నచ్చిందంటే, దాని అర్థం అడగనే లేదు.

బంగారుపాళ్యంలో ధనశేఖర్ మాత్రం మునిచంద్ర ఓడను లాగాడనే చెబుతాడు. మునిచంద్ర కాదంటాడు. ఆయన వినయం అనుకుంటారు.

తిరిగి వస్తూ తిరుపతిలో ఆగి దువ్వెన కొన్నాడు. ఇంటికి వచ్చాక కొళాయి బాగుచేయించాడు. లోకేశ్వరి బోర్డులు రాసే మనిషిని పిలిపించి, క్రేను చెయ్యి మీద పాత అక్షరాల కింద చిన్నగా ఇంకో రెండు మాటలు రాయించింది.

మొన్న మొగిలి ఘాట్ దగ్గర మామిడికాయల లారీ పడింది. డ్రైవరు రోడ్డు పక్కన కూర్చుని, క్రేనును కిందినుంచి పైదాకా చూశాడు. "ఏ బండి పడినా పిలవండి. ఓడలు మినహా" అని పైకి చదివాడు. అదేంది నా, ఓడలు అని రాసినారు అని అడిగాడు.

"అంత సిన్న అచ్చరాలు అగపడతాయి గానీ," అన్నాడు మునిచంద్ర తాడు విప్పుతూ, "ఇంత పెద్ద మలుపు అగపడలేదా నీకు? లే. పోయి సీట్లో కూచో."